స్ట్రాప్ బటన్ స్క్రూ ఊరికే తిరుగుతోంది, బిగుసుకోవడం లేదు. బెజ్జం బాగుచేయడం ఎలా?

ఖమ్మం_పిక్

స్ట్రాట్ ఆకారం (బాడీకి రెండు కొమ్ములుండేది) ఎలక్ట్రిక్ గిటార్. బాడీ బాస్‌వుడ్, పైన మందపాటి పాలిఎస్టర్ ఫినిష్. పై కొమ్ము చివరుండే స్ట్రాప్ బటన్ (భుజానికి వేసుకునే పట్టీ తగిలించే గుండీ) స్క్రూ ఎంత తిప్పినా ఊరికే తిరుగుతోంది, వేళ్లతో లాగితే బటన్‌తో సహా ఊడొస్తోంది. స్క్రూ 3.5 మి.మీ. లావు, 25 మి.మీ. పొడవు. అగ్గిపుల్ల ముక్క ఒకటి దూర్చి బిగిస్తే రెండు రోజులు ఆగి మళ్లీ వదులైంది. అప్పుడు జిగురేమీ పెట్టలేదు.

ఇంట్లో ఉన్నవి: చిన్న డ్రిల్ మెషిన్, 1.5 నుంచి 6 మి.మీ. దాకా బిట్లు, ఫెవికాల్ ఎస్‌హెచ్, ఫెవిక్విక్.

టూత్‌పిక్‌లు ఫెవికాల్‌లో ముంచి నింపే పద్ధతి ఇక్కడ సరిపోతుందా? లేక కాస్త లావు స్క్రూ ఎక్కించేస్తే గొడవ వదిలిపోతుందా? ఎం-సీల్ నింపి, ఎండాక స్క్రూ బిగించమని హార్డ్‌వేర్ షాపతను అంటున్నాడు. నమ్మొచ్చా? ఇవాళ బుధవారం, ఆదివారం ప్రోగ్రాం ఉంది.

---

చెక్కపని

లావు స్క్రూ ఆలోచన ముందు మానుకోండి. కొమ్ము చివర చెక్క సన్నగా ఉంటుంది. పాత బెజ్జంలోకి లావు స్క్రూని తోస్తే అది మేకులా పనిచేసి చెక్కను నిలువునా చీలుస్తుంది. పైగా లావు స్క్రూ తల బటన్ గుంతలో పూర్తిగా కూర్చోదు, పైకి పొడుచుకొచ్చి స్ట్రాప్ తోలును కోస్తుంది.

ఈ బెజ్జమే ఎందుకు పాడైందో తెలిస్తే ఏం చేయాలో సగం తెలిసినట్టే. బాడీలో చెక్క నార మెడకు సమాంతరంగా, పొడవునా పోతుంది. కొమ్ము చివర స్క్రూ కూడా దాదాపు అదే దిక్కున దిగుతుంది. చీపురు కట్టలో పొడవునా పుల్ల దూర్చినట్టన్నమాట. స్క్రూ మరలు నారను అడ్డంగా పట్టుకోవాల్సింది పోయి, పొట్టి పొట్టి ముక్కలుగా తెంపుతాయి. ఆ ముక్కలు ఒకదాన్నుంచి ఒకటి సులువుగా ఊడిపోతాయి. దానికితోడు బాస్‌వుడ్ మెత్తటి చెక్క. గట్టిదనాన్ని కొలిచే జాంకా లెక్కలో బాస్‌వుడ్ 410 దగ్గర ఉంటే, హార్డ్ మేపుల్ 1450. అందుకే మెడ స్క్రూలు ఏళ్ల తరబడి కదలవు, కొమ్ము మీదిది మాత్రం వదులవుతుంది.

ఇంకో సంగతి చాలామంది కొలవరు. స్క్రూని బటన్‌లో పెట్టి, అడుగున ఎంత బయటికొచ్చిందో స్కేలుతో చూడండి. 25 మి.మీ. స్క్రూలో పది దాకా బటనే తినేస్తుంది. చెక్కలోకి దిగేది 15 మి.మీ. అటూఇటూ. మూడు కిలోలు దాటిన గిటార్ వేలాడేది ఆ కాస్త పట్టు మీదే. కాబట్టి లావు పెంచకండి, పొడవు పెంచండి. అదే 3.5 లావులో 32 మి.మీ. స్క్రూ తెచ్చుకోండి.

పని మొదలుపెట్టే ముందు రెండు చూసుకోవాలి. స్క్రూ మరల్లో తెల్లటి దూదిలాంటి పీచు చుట్టుకుని ఉంటే చెక్క తెగి ఊడొచ్చిందని అర్థం. లోపల గోడలు ఇంకా శుభ్రంగానే ఉంటాయి, జిగురు బాగా పడుతుంది. గోధుమ రంగు పొడి రాలుతుంటే ఎప్పట్నుంచో ఆడి ఆడి గోడలు నున్నగా అరిగాయి. అలాంటి గోడకు జిగురు అంటదు, కాస్త గీకాలి. రెండోది, టార్చి పక్కనుంచి వేసి బటన్ చుట్టూ వెంట్రుకవాసి గీత ఏమైనా ఉందా చూడండి. బొటనవేలితో నొక్కినప్పుడు ఆ గీత కదిలితే పగులు చెక్కలోకి పోయిందని. అలాంటప్పుడు ముందు పగుల్లోకి జిగురు పట్టించి, క్లాంపుతో ఒక రోజు బిగించి, ఆ తర్వాతే బెజ్జం జోలికి వెళ్లాలి.

మీ గిటార్‌కు నా సలహా డోవెల్, అంటే బెజ్జంలో జిగురుతో దించే గుండ్రటి చెక్క పిన్ను. మాడ్యులర్ ఫర్నిచర్‌లో వాడే, ఒంటి మీద గాడులున్న బీచ్ చెక్క పిన్నులు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. హైదరాబాద్ వచ్చే పనుంటే రాణిగంజ్‌లో చూడండి. 8 మి.మీ. లావు, 30 మి.మీ. పొడవుది తీసుకోండి. 6 మి.మీ.ది కూడా నడుస్తుంది గానీ, 3.5 స్క్రూ దిగాక చుట్టూ మిగిలే గోడ మిల్లీమీటరున్నరకు లోపే. 8 అయితే రెండుకు పైన మిగులుతుంది, బటన్ అడుగు దాన్ని పూర్తిగా కప్పేస్తుంది కూడా.

8 మి.మీ. బిట్‌కి (మీ దగ్గర 6 దాకానే ఉన్నాయి, ఇదొకటి తెచ్చుకోవాలి) 27 మి.మీ. దగ్గర టేపు చుట్టి అంత లోతే తవ్వండి. లోపలి పొడి ఊది, టూత్‌పిక్‌తో గోడలకు జిగురు పూయండి. బెజ్జం నిండా జిగురు పోయొద్దు. అడుగున జిగురు నిలిస్తే పిన్ను దిగక ఆగిపోతుంది. సుత్తితో బలవంతం చేస్తే ఆ జిగురే చెక్కను పగలగొడుతుంది. గాడులున్నది అందుకే, ఎక్కువైన జిగురు వాటిలోంచి పైకి రావాలి. పిన్ను దిగుతున్నప్పుడు అంచు చుట్టూ చిన్న చిన్న తెల్లటి పూసల్లా జిగురు తేలితే సరిగ్గా పడినట్టు. వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి. 24 గంటలు వదిలేయాలి. ముసురు పట్టి ఉంటే ఇంకో పూట.

ఎండాక పిన్నును ఉపరితలానికి సమంగా కోసి, మధ్యలో దబ్బనంతో గుచ్చి గుర్తు పెట్టి, 2.8 మి.మీ. బిట్‌తో కొత్త బెజ్జం వేయండి. బీచ్ గట్టి చెక్క కాబట్టి 2.8. బాస్‌వుడ్‌లోనే నేరుగా వేయాల్సి వస్తే 2.4 చాలు. బిట్ సరైనదేనా అని అనుమానం వస్తే బిట్‌ను స్క్రూ ముందు, దానికి సమాంతరంగా పట్టుకుని చూడండి. స్క్రూ నడుం కనబడకూడదు, మరలు మాత్రం రెండు పక్కలా కనబడాలి.

---

ఆరు_తీగలు

చెక్కపని గారు చెప్పిన కారణాలన్నీ నిజమే. ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకోను. పగులు లేని బెజ్జానికి డోవెల్ దాకా పోనక్కర్లేదు. టూత్‌పిక్ పద్ధతికి చెడ్డపేరు రావడానికి కారణం దాన్ని సగం సగం చేయడమే. జిగురు లేకుండా పుల్ల దూరిస్తే అది కేవలం చీల, స్క్రూ వదులైన మరుక్షణం అదీ వదులవుతుంది. మీ అగ్గిపుల్లకు జరిగింది అదే.

అసలు అగ్గిపుల్లలే వద్దు. మందు మంట పుల్లకు త్వరగా అంటుకోవాలని తల వైపు పుల్లకు మైనం పట్టిస్తారు. మైనం ఉన్నచోట ఫెవికాల్ పట్టదు. తప్పక వాడాల్సి వస్తే తల వైపు మూడో వంతు విరిచి పారేయండి. కాగితం చుట్టిన మైనపు పుల్లలైతే బొత్తిగా పనికిరావు. టూత్‌పిక్‌లలోనూ మన దగ్గర ఎక్కువ వెదురువే. వెదురు పై తోలు నున్నగా ఉంటుంది, జిగురు పీల్చదు. గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది వాడితే ఫరవాలేదు. చెక్క టూత్‌పిక్ దొరికితే అదే మేలు.

మీ బెజ్జం అరిగి ఇప్పుడు 4 మి.మీ. దగ్గర ఉండొచ్చు. 2 మి.మీ. పుల్లలు రెండు పక్కపక్కన సరిగ్గా పడతాయి. రెండు పక్కలా అర్ధచంద్రంలా మిగిలే సందుల్లోకి బ్లేడుతో చీల్చిన సన్నటి పేళ్లు దూర్చాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రెండు పుల్లలు పట్టగానే నిండిందనుకుంటారు, ఆ సందులు ఖాళీగా ఉండిపోతాయి. ఇంకొక్క పేడు కూడా పట్టనంతగా నింపండి. ప్రతి పుల్ల మొన విరిచేసి పెట్టండి, లేకపోతే అడుగున సన్నగా ఉండి అసలు పట్టు కావలసిన చోటే బోలుగా మిగులుతుంది.

తడిగా ఉండగానే స్క్రూ బిగించేయమని కొందరు చెబుతారు. పుల్లలు గోడకు ఒత్తుకుంటాయన్నది నిజమే గానీ, స్క్రూ ఎటు వంగితే అటు వంకరగా ఎండిపోతుంది. 24 గంటలు ఆగి, పైన మిగిలింది కోసి, 2.4తో దారి వేసి అప్పుడు బిగించండి. ఇవాళ రాత్రి నింపితే శుక్రవారానికి బటన్ ఎక్కుతుంది.

---

బేస్_బాబాయి

ఎం-సీల్ సంగతి ఎవరూ చెప్పలేదు. వద్దు తమ్ముడూ. అది పిండిలాంటి ముద్ద, చెక్క నారలోకి ఇంకదు, గోడకు పైపైన అతుక్కుంటుంది. గోడేమో పాత పొడితో, చేతి జిడ్డుతో ఉంటుంది. ఎండాక స్క్రూ గట్టిగా పట్టినట్టే అనిపిస్తుంది. కొన్నాళ్లకు స్క్రూ చుట్టూ ఆ ముద్ద మొత్తం, వేరుతో సహా పన్ను ఊడినట్టు బయటికొస్తుంది. ఎపాక్సీయే కావాలంటే రెండు ట్యూబుల అరాల్డైట్, నెమ్మదిగా గట్టిపడే రకం, పల్చగా ఉండగానే గోడలకు పట్టించాలి. అదైనా పుల్లల్ని, డోవెల్‌ని అతికించడానికే, బెజ్జం నింపడానికి కాదు.

గోడకు కొట్టే ప్లాస్టిక్ రాల్ ప్లగ్ కూడా ఎవరో ఒకరు చెబుతారు. అది సిమెంటు గోడ కోసం. స్క్రూ దిగుతుంటే పక్కలకు విచ్చుకుంటుంది, కొమ్ము చీలుతుంది.

డోవెలా, టూత్‌పిక్కా అంటే, నా లెక్క బరువును బట్టి. మూడున్నర కిలోల లోపు గిటార్, మొదటిసారి వదులైన బెజ్జం అయితే టూత్‌పిక్. నాలుగు దాటిన బేస్ గిటార్, లేదా ఒకసారి నింపినా మళ్లీ పోయిన బెజ్జం అయితే డోవెల్. డోవెల్ కోసం పక్కింటి వడ్రంగి దగ్గర టేకు ముక్క చెక్కించుకోవచ్చు, గట్టిగానే ఉంటుంది.

---

చెక్కపని

బాబాయ్ గారూ, మిగతావన్నీ సరే, టేకు మాత్రం వద్దండి. మన ఇళ్లలో మంచి చెక్కంటే టేకే కాబట్టి చేయి అటే పోతుంది. కానీ టేకులో సహజంగా నూనె ఉంటుంది, ఫెవికాల్ లాంటి నీళ్ల జిగురు దాన్ని సరిగ్గా పట్టదు. రోజ్‌వుడ్‌దీ అదే గుణం. గుమ్మానికి మంచి చెక్క డోవెల్‌కి మంచిది కాదు. బీచ్, మేపుల్ లాంటి నూనె లేని గట్టి చెక్కే వాడాలి.

ఆరు తీగలు గారి మాట కూడా ఒప్పుకుంటున్నాను. పగులు లేకపోతే, సందులన్నీ ఆయన చెప్పినట్టు నింపితే, మీ గిటార్ బరువుకి టూత్‌పిక్ ఆగుతుంది. పొడవు స్క్రూ మాత్రం రెండింటికీ కావాలి. బెజ్జం పాత లోతులో పుల్లలు నింపి, దాన్ని దాటి ఇంకో ఏడు మి.మీ. తాజా చెక్కలోకి స్క్రూ దిగితే అసలు పట్టు అక్కడే దొరుకుతుంది.

---

ఖమ్మం_పిక్

అందరికీ ధన్యవాదాలు. కొలిచి చూశాను. బటన్ అడుగున బయటికొచ్చేది 14 మి.మీ. మాత్రమే! మరల్లో తెల్ల పీచే ఉంది, పగులు కనబడలేదు. గిటార్ 3.4 కిలోలు. టూత్‌పిక్‌తోనే మొదలుపెడుతున్నాను, 32 మి.మీ. స్క్రూ రేపు తెస్తాను.

ఇంకో రెండు సందేహాలు. రేపెప్పుడైనా డోవెల్ వేయాల్సి వస్తే డ్రిల్ పెట్టగానే పాలిఎస్టర్ పెచ్చులూడుతుందేమోనని భయం. రెండు, పిక్‌గార్డ్ (బాడీ ముందున్న ప్లాస్టిక్ పలక) స్క్రూలు రెండు, ట్యూనర్ (తీగ శ్రుతి చేసే బిరడా) వెనక బుల్లి స్క్రూ ఒకటి కూడా ఊరికే తిరుగుతున్నాయి. వాటికీ ఇదే పద్ధతా?

---

చెక్కపని

ఫినిష్ పెచ్చులూడేది బిట్ మొదటిసారి కొరికినప్పుడే. పాలిఎస్టర్ గాజులా పెళుసు. మాస్కింగ్ టేపు వేసి, డ్రిల్‌ని రివర్సులో పెట్టి, 8 మి.మీ. బిట్‌ని నెమ్మదిగా ఆనించండి. వెనక్కి తిరిగే బిట్ కొరకదు, గీకుతుంది. తెల్లటి పొడి రాలడం ఆగి చెక్క రంగు పొడి మొదలయ్యేదాకా అలాగే కానిచ్చి, అప్పుడు ముందుకు తిప్పండి. ఉన్న బెజ్జాన్ని పెద్దది చేస్తున్నప్పుడు మామూలు బిట్ ఒక్కసారిగా లోపలికి లాక్కుంటుంది, అందుకే రెండు చేతులతో గట్టిగా పట్టుకుని తక్కువ వేగంలో తిప్పాలి. మొదలుపెట్టే ముందు పాత బెజ్జంలో సన్న బిట్ ఒకటి దూర్చి నిలబెట్టి, అది ఏ కోణంలో ఉందో రెండు వైపుల నుంచీ చూసుకోండి. కొత్తదీ అదే కోణంలో పోవాలి.

డోవెల్ మొన కోసేటప్పుడు పాత ఏటీఎం కార్డులో 9 మి.మీ. బెజ్జం చేసి పిన్ను మీదుగా తొడగండి. రంపం పళ్లు కార్డు మీద ఆడతాయి, ఫినిష్ మీద గీత పడదు. మిగిలిన కార్డు మందం పదునైన ఉలితో తీసేయొచ్చు.

---

ఆరు_తీగలు

చిన్న స్క్రూల పద్ధతి వేరు. పిక్‌గార్డ్ స్క్రూల మీద బరువేమీ పడదు. దానికి ఫెవిక్విక్ చాలు. సూది మొనతో ఒకే ఒక్క చుక్క తీసుకుని బెజ్జం గోడకు అంటించండి. చెక్క దాన్ని పీల్చేసి గట్టిపడుతుంది. అరగంట పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు స్క్రూ ఎక్కిస్తే గట్టి గోడలో కొత్త మర కోసుకుంటుంది. తడిగా ఉండగా స్క్రూ పెడితే మాత్రం అక్కడే అతుక్కుపోతుంది, తర్వాత తీయబోతే తల అరుగుతుంది. ట్యూబు నేరుగా బెజ్జంలో వంచకండి, కారి ఫినిష్ మీద పడితే మరక మిగులుతుంది. పాత గిటార్ల మీద ఉండే నైట్రోసెల్యులోజ్ ఫినిష్ అయితే ఆ చుక్కకు కరిగిపోతుంది కూడా.

ట్యూనర్ స్క్రూ దగ్గర ఇంకాస్త జాగ్రత్త. అవి రెండు మి.మీ. చిల్లర లావుండే బుల్లి స్క్రూలు, తలలు తొందరగా తెగుతాయి. అక్కడ ఒక పుల్ల పేడు, ఫెవికాల్ పెట్టి, ఆరాక 1.5 మి.మీ. బిట్‌ని డ్రిల్‌కి కాకుండా వేళ్లతో పట్టుకుని తిప్పి దారి చేయండి. హెడ్‌స్టాక్ (ట్యూనర్లుండే మెడ చివరి భాగం) మందం తక్కువ, మెషిన్‌తో వేస్తే బిట్ అవతలికి తేలుతుంది. స్క్రూడ్రైవర్ కూడా స్ట్రాప్ బటన్‌కి వాడే నంబర్ 2 ఫిలిప్స్ కాదు, నంబర్ 1.

---

బేస్_బాబాయి

సందర్భం వచ్చింది కాబట్టి, ఇది చదివి ఎవరైనా మెడ స్క్రూలకు, బ్రిడ్జ్‌కి (బాడీ మీద తీగలు ఆనే భాగం) కూడా టూత్‌పిక్ పెడతారేమో, అందుకని చెబుతున్నాను. 10-46 తీగల సెట్ (తీగల లావు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) మామూలు ట్యూనింగ్‌లో అన్నీ కలిపి 45 కిలోల పైనే లాగుతుంది. రెండు స్తంభాల మీద ఆడే ట్రెమొలో బ్రిడ్జ్ (చేతికర్రతో స్వరం ఊపే రకం) ఆ లాగుడంతా మోస్తుంది. ఆ స్తంభాల బెజ్జాలు వదులైతే డోవెల్ వేసి మళ్లీ తవ్వాల్సిందే, పుల్లలతో ఆగదు.

మెడ స్క్రూ పట్టకపోతే మేపుల్ డోవెల్. అదీగాక బాడీలోని బెజ్జాన్నీ చూడండి. బాడీ గుండా స్క్రూ చేత్తో తోస్తే జారిపోవాలి, మర పట్టకూడదు. బాడీలోనూ మెడలోనూ మర పడితే, రెండింటి మధ్య ఉన్న సందు ఎంత బిగించినా మూసుకోదు, మెడ కొద్దిగా పైకి లేచే ఉంటుంది. స్క్రూ తప్పు అనుకుని ఇంకా బలంగా తిప్పితే మెడలో మర తెగుతుంది. బాడీ బెజ్జాన్ని స్క్రూ కంటే అర మిల్లీమీటరు పెద్దది చేస్తే చాలు.

---

ఖమ్మం_పిక్

పుల్లలు నింపేశాను. రెండు నిండువి, ఐదు పేళ్లు పట్టాయి. శుక్రవారం దారి ఎంత లోతు వేయాలి? 32 మి.మీ. స్క్రూ బటన్ అడుగున 21 మి.మీ. బయటికొస్తోంది.

---

చెక్కపని

బటన్ కింద ఫెల్ట్ వాషర్ ఉంటే దాని మందం ఒక మి.మీ. తీసేయండి, చెక్కలోకి 20 దిగుతుంది. 20 దగ్గర టేపు చుట్టి, 2.4తో అంతే లోతు వేయండి. తక్కువ వేస్తే చివర్లో స్క్రూ బిగిసి, మీరు బలం పెట్టిన కొద్దీ పుల్లలు గోడ నుంచి ఊడతాయి. మరీ లోతు వేస్తే మొన గాలిలో తిరుగుతుంది.

స్క్రూ మరలకు కొవ్వొత్తి మైనం రుద్దండి. సబ్బు వద్దు, తేమ లాగి స్క్రూకి తుప్పు పట్టిస్తుంది. మెషిన్‌తో కాదు, చేత్తోనే బిగించండి. ఫెల్ట్ కొద్దిగా నలిగి, బటన్ వేళ్లతో తిప్పితే తిరగని చోట ఆపేయాలి. అక్కడి నుంచి ఇంకో పావు చుట్టు తిప్పాలన్న కోరికే చాలా బెజ్జాల్ని తినేసింది.

శనివారం మంచం మీద పరుపు ఉండగా, దాని పైన గిటార్‌ని స్ట్రాప్‌తో వేలాడదీసి, కిందికి నాలుగుసార్లు మెల్లగా లాగి చూడండి. బటన్ పక్కకు ఒరిగినా, చుట్టూ కొత్త పొడి రాలినా ఆదివారం దాన్ని మెడకు తగిలించుకోకండి, డోవెల్ వేద్దాం.

ఎప్పుడైనా బటన్ తీసి మళ్లీ పెట్టాల్సి వస్తే, స్క్రూని మొదట వెనక్కి, ఎడమవైపుకు నెమ్మదిగా తిప్పండి. ఒకచోట టిక్కుమని చిన్నగా లోపలికి పడుతుంది. పాత మర మొదలు అదే. అక్కడి నుంచి కుడివైపు తిప్పితే స్క్రూ తన పాత దారిలోనే పోతుంది, కొత్త దారి కోసుకోదు.